మామయ్య సగం మీసం

మొన్న నా ఫోన్ నిండిపోయింది. ఫొటో తీయబోతే జాగా లేదు, ఏమైనా తీసెయ్ అంది. ఎవరైనా నన్ను ఏదైనా చెయ్ అంటే నాకు ముందు కోపం వస్తుంది, తర్వాత మాట అర్థమవుతుంది. ఫోన్ విషయంలోనూ అంతే. మెట్రోలో నిలబడి, ఒక చేత్తో కమ్మీ పట్టుకుని, రెండో చేతి బొటనవేలితో పాత బొమ్మలన్నీ తుడిచేస్తూ పోయాను. ఎప్పుడో తిన్న బిర్యానీలు, ఎవరివో పెళ్ళిళ్ళు, పార్కింగులో బండి ఎక్కడ పెట్టానో మర్చిపోకుండా తీసుకున్న స్తంభాలు, అన్నీ పోయాయి. ఒక బొమ్మ దగ్గర మాత్రం వేలు ఆగింది. అందులో ఒక పెద్దమనిషి. ఎడమవైపు మీసం నిండుగా, మెలితిరిగి ఉంది. కుడివైపు లేదు. వెనక ఒక పాత జీపు, దానికి బంతిపూల దండ, ఆ దండా సగమే. పక్కన ఒకావిడ, చేతిలో ఖాళీ హారతి పళ్ళెం. ఆమె చూపు కెమెరా వైపు గానీ మనిషి వైపు గానీ లేదు. జీపు వైపు ఉంది. తాగి ఇంటికొచ్చినవాణ్ణి గడపలో నిలబెట్టి చూసే చూపు అది. నేను దిగాల్సిన స్టేషన్ వెళ్ళిపోయింది. మామూలుగా అయితే దానికీ ఎవరో ఒకరి మీద కోప్పడేదాన్ని.

ఆ చలికాలం నేను మా మేనత్త ఇంట్లో ఉన్నాను. ఉద్యోగం మానేశానని ఇంట్లో చెప్పాను గానీ, మానేసే ముందు మేనేజరుతో నాలుగు మాటలన్నాను, ఆ నాలుగూ ఫ్లోరంతా వినబడ్డాయి. మా నాన్న తిట్టలేదు. "మీ అత్త దగ్గరికి పోయి కొన్నాళ్ళుండు బిడ్డా. ఆడ కోపం చేద్దామన్నా మనుషులు దొరకరు" అన్నాడు. నిజానికి అక్కడ మనుషులు బాగానే దొరికారు, దొరకనిది సిగ్నల్. భద్రాచలం నుంచి పర్ణశాల వెళ్ళే దారిలో, ఒక పక్క గోదావరి, ఒక పక్క టేకు చెట్లు, మధ్యలో వాళ్ళ ఊరు. పొద్దున్నే నది మీంచి మంచు లేచి ఇంటి వాకిట్లోకి చుట్టంలా వచ్చి కూర్చునేది, ఎండ గట్టిగా గదమాయిస్తే గానీ లేచేది కాదు. ఇంట్లో ఎక్కడ నిలబడ్డా నా ఫోన్ చచ్చిన చేపలా ఉండేది. పెరట్లో జీపు పెట్టుకునే రేకుల షెడ్డు ఉంది. దాని వెనక పాత రోలు తిరగేసి ఉంటే, ఆ రోలెక్కి కూర్చుంటే సిగ్నల్ వచ్చేది. కాబట్టి నా పొద్దున్నలన్నీ ఆ రోలు మీదే, దుప్పటి కప్పుకుని, బొటనవేళ్ళు మాత్రం బయటపెట్టి గడిచాయి. ఈ కథలో నాకేమైనా భాగం ఉందంటే దానికి కారణం ఆ రోలే.

మా మామయ్య జీవితమంతా మణుగూరు వైపు బొగ్గు గనిలో డంపర్లు నడిపాడు. ఒక్కో చక్రం మనిషంత ఎత్తుండే బండ్లు అవి. అంత ఎత్తు నుంచి దిగినవాళ్ళు ఇంటికొచ్చి స్కూటర్ ఎక్కలేరట, ఆయనే చెప్పాడు. అందుకని ఉద్యోగం దిగిపోయాక పాత డీజిల్ జీపు ఒకటి కొన్నాడు. యాత్రికులను భద్రాచలం నుంచి పర్ణశాలకు తీసుకెళ్ళి తీసుకురావడం, దారంతా రామాయణం చెప్పడం ఆయన పని. సీతమ్మ చీర ఆరేసిన గుర్తులు రాతి మీద చూపించేటప్పుడు, ఆ చీర ఏ పూట ఉతికిందో, ఆ పూట ఎండ ఎట్లా కాసిందో కూడా చెప్పేవాడు. ఎవరైనా అనుమానంగా చూస్తే మీసం మెలేసేవాడు. ఆ మీసం ముందు అనుమానాలు నిలిచేవి కావు. అంతకుముందు ఆయనకు మందు అలవాటు ఉండేది. గని షిఫ్టు దిగిన కాలంలో మొదలై చాలా దూరం పోయిందట. భద్రాద్రి రామయ్య ముందు ప్రమాణం చేసి మానేశాడు, మళ్ళీ ముట్టలేదు. మందు ఖాళీ చేసిన జాగాలోకి జీపు వచ్చి కూర్చుంది.

మాన్పించింది మా అత్తమ్మ. గని కాలనీలో ఉన్న రోజుల్లో సారా కుండలు పగలగొట్టిన ఆడవాళ్ళ గుంపుకి ముందు నడిచిన మనిషి ఆమె. ఆమె ముక్కుకి కాలనీలో పేరుండేది. వీధి మలుపులో మనిషి కనబడగానే కల్లా, సారానా, బ్రాందీనా, ఎవరింట్లో తాగాడు, నంజుకున్నదేమిటి, అన్నీ చెప్పేదట. మగవాళ్ళు గాలి ఎటు వీస్తోందో చూసుకుని ఇళ్ళకు చేరేవాళ్ళట. జీపు మీద ఆమెకు పెద్ద ప్రేమ లేదు. అంతకు ముందు చలికాలం ఒకనాడు పర్ణశాల గుడి ముందు అది మొరాయిస్తే యాత్రికులందరూ దిగి తోశారు. అందులో ఒక ముసలాయన చెప్పు బురదలో ఇరుక్కుని ఉండిపోయింది, ఆయన ఒంటి చెప్పుతోనే ఊరికి వెళ్ళాడు. ఆ అవమానం అత్తమ్మ మర్చిపోలేదు. "ఇంకొక్క తాప ఎవలతోనన్నా తోపిచ్చినవంటే, పాల్వంచల పాత ఇనుము దుకాణానికే దీన్ని" అని తీర్పు చెప్పేసింది. ఆమె తీర్పులకు పైకోర్టు లేదు.

నేను వెళ్ళిన కొన్నాళ్ళకు ఒక పొద్దున రోలు మీద కూర్చుని ఎవరితోనో మెసేజీల్లో పోట్లాడుతున్నాను. మంచులోంచి మామయ్య వచ్చాడు. తలకి రుమాలు, ఒంటికి శాలువా. నాలుగు పక్కలా చూశాడు, షెడ్డు వెనక రేకుల సందులోంచి చూస్తున్న నన్ను చూడలేదు. తవుడు బస్తా వెనక చెయ్యి పెట్టి పాత బనీనులో చుట్టిన ఒక డబ్బా తీశాడు. బానెట్ ఎత్తి, గాలి వడపోసే డబ్బా మూత విప్పి, అందులోకి తుస్సుమనిపించాడు. ఇంకోసారి తుస్సు. నా దాకా ఒక వాసన వచ్చింది. తియ్యగా, చల్లగా, తల తిరిగేట్టు, పాత దవాఖానాలో ఆపరేషన్ గది ముందు నిలబడ్డట్టు. తర్వాత పరుగున వెళ్ళి తాళం తిప్పాడు. జీపు ఒళ్ళంతా కుదిపేసుకుని, ఎవరో గుండెల మీద గుద్దినట్టు ఠక ఠకమని తన్నుకుని, లేచింది.

"మామా, ఏందది?"

ఆయన చేతిలో డబ్బా గాల్లోకి ఎగిరి మళ్ళీ చేతిలోనే పడింది. "ఏంలేదు బిడ్డా. దోమల మందు."

"దోమలు ఇంజన్ల ఉంటయా?"

"ఈడి దోమలు ఏడన్నా ఉంటయ్."

నేను దిగివచ్చి డబ్బా లాక్కున్నాను. అది డీజిల్ ఇంజన్లు చలికి లేవనప్పుడు కొట్టే స్టార్టింగ్ స్ప్రే. మీద అక్షరాలు చీమ గుడ్లంత ఉన్నాయి. ఫోన్‌తో ఫొటో తీసి, వేళ్ళతో పెద్దది చేసి చదివాను. ఇందులో ఉన్నది ఈథర్. పెట్రోలు కంటే జల్దీ అంటుకుంటుంది. దాని ఆవిరి కనబడకుండా కిందికి జారి పరుచుకుంటుంది. దగ్గర్లో నిప్పు ఉండకూడదు, నాలుగు గోడల మధ్య కొట్టకూడదు, ఎక్కువ కొట్టకూడదు. అన్నిటికంటే పెద్దక్షరాల్లో, హీటర్ ప్లగ్గులు ఉన్న ఇంజన్‌కి అసలు కొట్టకూడదు. హీటర్ ప్లగ్గులంటే పాత డీజిల్ బండ్లలో తాళం తిప్పే ముందు ఇంజన్ కడుపు వెచ్చబెట్టే చిన్న కడ్డీలు. ఎర్రగా కాగిన కడ్డీ మీద ఈథర్ పడితే, అది పిస్టన్ చెప్పినప్పుడు పేలదు, తనకి తోచినప్పుడు పేలుతుంది. జీపు ముందు మీటల పక్కన హీటర్ అని రాసిన మీట నాకే కనబడుతోంది.

"మామా, హీటర్లున్న బండికి కొట్టొద్దని రాసుంది చూడు!"

"హీటర్లు ఎన్నడో సచ్చినయ్ బిడ్డా. సచ్చినోళ్ళతోని భయమేంది?"

"ఒక్కటన్నా బతికుంటే?"

"బతికుంటే ఈ డబ్బా ఎందుకు?"

ఆయన వాదనలో ఎక్కడో లోపం ఉంది, కానీ పొద్దున్నే చలిలో అది దొరకలేదు. గనిలో పెద్ద ఇంజన్లకి దీన్ని వాడతారని, అది తనకి బాగా తెలుసునని అన్నాడు. నిజంగానే తెలుసు. బండి ఆరుబయట ఉండాలి, ఒకడు లోపల సెల్ఫ్ తిప్పుతుండాలి, ఒకడు దూరంగా నిలబడి గాలి గొట్టం వైపు రవ్వంత వదలాలి, లేచిందా సరే, లేవలేదా ఆపేసి రోగమేందో చూడాలి. చక్కగా అప్పజెప్పాడు. ఆ ఇంజన్లకు హీటర్లు ఉండవని కూడా చెప్పాడు. ఇంత తెలిసీ ఇక్కడ రేకుల షెడ్డులో, ఒక్కడే, దొంగచాటుగా, ముందే కొట్టేసి తర్వాత తాళం దగ్గరికి పరిగెత్తుతున్నాడు. ఎందుకంటే రెండో మనిషి కావాలంటే అత్తమ్మే కావాలి. మొదట్లో ఒక్క తుస్సుకి లేచేదట. తర్వాత రెండు. ఇప్పుడు మబ్బు పట్టిన రోజున ఎంతకీ సరిపోవడం లేదు.

"మీ అత్తకు చెప్పకు. చెప్తే పాల్వంచనే" అన్నాడు. ఆ మీసం కింద అంత చిన్న గొంతు ఉంటుందని నేను అనుకోలేదు. సరే అన్నాను. అన్నాక తిట్టాను. నిప్పు దగ్గరికి రానియ్యనని ఒట్టు వేయించుకున్నాను. "నిప్పెక్కడిది బిడ్డా ఈడ, బీడీలు గూడ మానేస్తి" అన్నాడు.

ఇద్దరమూ మర్చిపోయింది అత్తమ్మ ముక్కుని. ఒకరోజు శాలువా ఉతకడానికి తీసి ఆమె అట్లాగే నిలబడిపోయింది. ముక్కు దగ్గర పెట్టుకుంది, దించింది, మళ్ళీ పెట్టుకుంది. సాయంత్రం మామయ్య యాత్రికులను దించి వచ్చేసరికి గడపలో స్టీలు గ్లాసు పట్టుకుని ఎదురు చూస్తోంది.

"ఊదు."

"ఏందే?"

"గ్లాసుల ఊదు. పోలీసోళ్ళు ఊదిపిస్తరు గదా, గట్ల."

ఆయన ఊదాడు. ఆమె గ్లాసులో ముక్కు పెట్టి కళ్ళు మూసుకుంది. గ్లాసులో మధ్యాహ్నం తిన్న పచ్చిపులుసు తప్ప ఏమీ దొరకలేదనుకుంటాను, కానీ శాలువా అబద్ధమాడదు కదా. రోజూ పొద్దున శాలువా వాసన, సాయంత్రం గ్లాసు. పాపం ఆమెను ఎక్కువ బాధపెట్టింది భర్త తాగాడన్న అనుమానం కాదనిపిస్తుంది నాకు, ఆ వాసన పేరు దొరక్కపోవడం. వంట చేస్తూ గరిటె ఆపి, "కల్లు గాదు. సారా గాదు. బ్రాందీ అసలే గాదు. ఇది కొత్తది" అని తనలో తనే అనుకునేది. ఒక సంగీత విద్వాంసురాలికి తెలియని రాగం వినబడినట్టు, ఆమెకు అన్నం సహించడం మానేసింది.

ఒక్క మాటతో తీరిపోయే గొడవ. షెడ్డు దగ్గర మామయ్యను పట్టుకున్నాను. "చెప్పెయ్ మామా. తాగుబోతనిపించుకునుడు ఎందుకు?"

ఆయన జీపు మడ్‌గార్డు మీద చెయ్యి వేశాడు. "తాగిన అంటే, తిడతది, ఏడుస్తది, మళ్ళ మానొచ్చు. బండి లేస్తలేదు అంటే అమ్ముడే బిడ్డా."

రామయ్య ముందు చేసిన ప్రమాణం తప్పాడన్న పేరు మోయడానికి ఆయన సిద్ధం, జీపు తప్పిందన్న పేరు మాత్రం రానివ్వడు. నాకు కోపం వచ్చి రోలు మీదికెళ్ళి ఫోన్లో ఎవరికో అకారణంగా కోపం బొమ్మ పంపించాను.

నాలుగు రోజులు గడవకుండానే అనుమానం నా మీదికి తిరిగింది. ఇంట్లో కొత్త వాసన, ఇంట్లో కొత్త మనిషి. మామయ్యకి తెచ్చిస్తున్నది నేనేనని అత్తమ్మ లెక్క సరిగ్గానే కూడింది. నేను స్నానానికి వెళ్ళి వచ్చేసరికి నా బ్యాగు మంచం మీద బోర్లించి ఉంది, ఆమె ఒక్కో సీసా మూత తీసి వాసన చూస్తోంది. సెంటు చూసి పక్కన పెట్టింది. జుట్టుకి కొట్టుకునే స్ప్రే చూసి తుమ్మింది. గోళ్ళ రంగు చెరిపే సీసా దగ్గర మాత్రం ఆగిపోయింది, రెండు సార్లు చూసింది.

"ఇది ఎట్ల తాగుతరు? నీళ్ళు పోసుకోనా, ఉత్తదేనా?"

"అత్తా! అది గోళ్ళకు!"

"గోళ్ళు తాగుతయా?"

నేను అరిచాను. ఎంత అరిచానంటే రోడ్డు మీద పోయే ఆటో ఆగింది. నిజం నాలుక చివరి దాకా వచ్చింది, మామయ్య వాకిట్లో దానిమ్మ చెట్టు వెనకాల నిలబడి చేతులు జోడిస్తున్నాడు. నిజం మింగి, మిగిలిన కోపమంతా కక్కాను. అత్తమ్మ చెక్కుచెదరలేదు. నేను వచ్చిన మొదటి రోజు నుంచీ కరెంటు మీద, కోడి మీద, సిగ్నల్ మీద అరుస్తూనే ఉన్నాను కాబట్టి, నా అరుపు ఆ ఇంట్లో కుక్కర్ కూతతో సమానం అయిపోయింది. "అయిందా? తలార్చుకో, జలుబు జేస్తది" అంది.

ఆ రాత్రి అన్నాల దగ్గర తీర్పు వచ్చింది. ముక్కోటికి ముందు రోజు పొద్దున ముగ్గురం జీపులో భద్రాచలం వెళ్ళాలి. సాయంత్రం గోదావరిలో స్వామివారి తెప్పోత్సవం, తెల్లవారి ఉత్తర ద్వార దర్శనం. ఆ ద్వారం ముందు మామయ్య నిజం చెప్పి మళ్ళీ ప్రమాణం చెయ్యాలి. చెయ్యకపోతే ఆమె అటునుంచి అటే నాతో హైదరాబాద్ వస్తుంది. పండగ మర్నాడు పాల్వంచ ఇనుప దుకాణం మనిషిని రమ్మని కబురు కూడా పంపింది. "నేను లేకుంట నువ్వు ఆ జీపు తోలుకుంట తాగుతనంటే ఊకుంటనా? ఉంటే మనిషుండాలె, లేకుంటే బండి గూడ పోవాలె" అంది. మామయ్య పెరుగన్నం కలుపుతూ ఉండిపోయాడు. ఏ దారిలో పోయినా జీపు చచ్చేట్టుంది.

ముక్కోటి ముందు రోజు పొద్దున మంచు ఎంత పట్టిందంటే షెడ్డు నుంచి ఇల్లు కనబడలేదు. మామయ్య తల దువ్వుకుని, మీసానికి నూనె రాసుకుని, తెల్ల చొక్కా తొడుక్కున్నాడు. ఈరోజు గనక అందరి ముందు బండి మొరాయిస్తే ఇనుప దుకాణం దాకా ఆగే పనే లేదు. అందుకని ఎప్పటికంటే ముందే వెళ్ళి, ఎప్పటికంటే ఎక్కువ కొట్టాడు. నేను పండగ వీడియో తీద్దామని ఫోన్ పట్టుకుని వెళ్ళేసరికి షెడ్డంతా ఆ తీపి వాసన. బానెట్ పైకెత్తి ఉంది, గాలి డబ్బా నోరు తెరుచుకుని ఉంది. ఆయన తాళం వైపు పరుగెత్తబోయాడు.

"ఆగయ్యా! తాళం తిప్పకు!"

అత్తమ్మ. పట్టుచీర, చేతిలో పళ్ళెం, పళ్ళెంలో కొబ్బరికాయ, పసుపు, కుంకుమ, మధ్యలో ముద్ద కర్పూరం భగభగా వెలుగుతోంది. జీపుకి దండ ముందు రాత్రే వేసి ఉంచింది. పండగ ప్రయాణానికి కదిలే బండికి హారతి ఇవ్వకుండా ఆ ఊళ్ళో ఎవరూ తాళం తిప్పరు. బీడీ మానేసిన మామయ్యకీ, లేబులంతా చదివిన నాకూ, ఈ ఇంట్లో రోజూ వెలిగే ఈ నిప్పు గుర్తే రాలేదు.

"అత్తా ఆగు! నిప్పు! ముందుకు రాకు!" అని అరిచాను.

"పొద్దుగాల్నే మొదలువెట్టకు కోడలా, పండగ పూట" అని నడుస్తూనే ఉంది. కుక్కర్ కూసిందని ఎవరైనా ఆగుతారా?

మామయ్యకి చేతులు ఆడలేదు. తాళం తిప్పలేడు, నోరు విప్పలేడు. పళ్ళెం బానెట్ వైపు వస్తోంది. అప్పుడు ఆయన జీపుకీ ఆమెకీ మధ్యలోకి దూకి, జీవితంలో ఎన్నడూ అరవనంత గట్టిగా అరిచాడు.

"ఆగవే! బండి తాగింది!"

తాగింది అన్న మాట చెవిన పడితే మా అత్తమ్మ ఆగుతుందా? "ఎవలు తాగిండ్రు?" అని ఇంకో అడుగు ముందుకే వేసింది.

భుస్సుమంది. పెద్ద చప్పుడేమీ కాదు, ఎవరో ఒక పెద్ద దుప్పటి దులిపినట్టు. లేత నీలం మంట ఇంజన్ మీంచి లేచి, మామయ్య కుడి చెంపను ఒకసారి నాకి, వచ్చిన దారినే మాయమైపోయింది. పళ్ళెం ఎగిరి అవతల పడింది, కర్పూరం మట్టిలో ఆరింది. జుట్టు కాలిన కంపు. అత్తమ్మకు ఏమీ కాలేదు, మధ్యలో ఆయన భుజం ఉంది. ఆయనకు చెంప కొంచెం కమిలింది, అంతే. మీసం మాత్రం కుడివైపు లేదు, జీపు దండలోనూ సగం లేదు. ఆయన చెయ్యి అలవాటుగా మెలేయడానికి పైకి వెళ్ళి, అక్కడేమీ దొరక్క గాల్లో తిరిగి కిందికి వచ్చింది. నా వీడియోలో తర్వాత చూస్తే ఆకాశం, దొర్లిపోతున్న కొబ్బరికాయ, నా చెప్పు మాత్రం ఉన్నాయి.

అత్తమ్మ ముందు ఆయన చెంప పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. బతికే ఉన్నాడని తేల్చుకున్నాక వదిలేసి, ఇంజన్ దగ్గరికి వెళ్ళి, వంగి, గాలి డబ్బాలోకి ముక్కు పెట్టింది. నిఠారుగా లేచినప్పుడు ఆమె ముఖంలో ఇన్నాళ్ళకు రాగం పేరు దొరికిన తేట కనబడింది.

"ఎన్నాళ్ళ సంది?"

"చలి మొదలైన కాడి సంది" అన్నాడు మామయ్య, తల దించుకుని.

"రోజుకెంత?"

"మొదట్ల కొద్దిగనే. ఇప్పుడు… అడ్డు లేదు."

"పరగడుపునేనా?"

"అవ్. పడకపోతే లేస్తలేదు."

"వణుకుతదా?"

"బాగ."

ఆమె ఖాళీ పళ్ళెం ఏరుకుని నిట్టూర్చింది. గని కాలనీలో ఎంతమంది ఇళ్ళల్లో ఎంతమంది గురించి ఈ ప్రశ్నలే అడిగి ఉంటుందో. నేను అప్పుడే, ఎందుకో తెలియదు, ఫొటో తీశాను. ఆ బొమ్మలోని చూపు అదే. తర్వాత ఆమె బానెట్ మీద మెల్లగా చెయ్యి వేసి, మామయ్య వైపు తిరిగి, "నన్ను మోసం జేసినవని అనుకున్న గదయ్యా" అంది. ఆ ఒక్క మాటకు మాత్రం ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఈథర్ ఘాటు అన్నాడు.

ఆ రోజు భద్రాచలం బస్సులో వెళ్ళాం. బస్సులో అందరూ మీసం చూసినవాళ్ళే. "ఏమైంది పెద్దాయనా?" అని ఒకాయన అడిగితే, అత్తమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ, "ఇంట్ల ఒకలు తాగుతున్నరు, మాన్పియ్యబోతే గిట్లయింది" అంది. తాగేది నేనే అనుకుని ఆయన సానుభూతిగా నా వైపు చూశాడు. నాకు మండింది. మర్నాడు ఉత్తర ద్వారం ముందు, అంత తోపులాటలో, ఆమె మామయ్య చేత చేతులు జోడించి ప్రమాణం చేయించింది. బండి తరఫున. పక్కన ఉన్నవాళ్ళు తమ తమ కోరికలు మర్చిపోయి విన్నారు.

ఇనుప దుకాణం మనిషి చెప్పిన రోజుకే వచ్చాడు. జీపు చుట్టూ తిరిగి, టైరు తన్ని చూసి, ధర ఏం చెబుతారని అడిగాడు. మామయ్య ఇంట్లోంచి బయటికి రాలేదు. నేను రోలు మీంచి చూస్తున్నాను. అత్తమ్మ కొంగు నడుముకి దోపుకుని వచ్చి, "అమ్మం" అంది.

"కబురు పంపితిరి కదమ్మా?"

"పంపిన. అప్పుడు దానికి తాగుడుందని తెల్వదు. మానేటోళ్ళను ఇంట్లకెల్లి ఎల్లగొడతమా? ఇంత చాయ్ తాగి పో."

ఆయన చాయ్ తాగుతున్నంతసేపూ జీపు కేసి, ఆమె కేసి, తలుపు సందులోంచి చూస్తున్న సగం మీసం కేసి చూసి, గ్లాసు పెట్టేసి తొందరగా వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత జీపుని పాల్వంచలో మెకానిక్ దగ్గర ఉంచారు. కొత్త హీటర్ ప్లగ్గులు వేశారు, బ్యాటరీ మార్చారు. చచ్చాయన్న పాత హీటర్లలో ఒకటి ఇంకా కొంచెం వెచ్చబడుతూనే ఉందని తేలింది. ఆ మాట విని మామయ్య కమిలిన చెంప తడుముకున్నాడు, నేను నెల్లాళ్ళుగా దాచుకున్న "చెప్పిన్నా లేదా" అన్న మాటను అక్కడే వదిలేశాను. డబ్బా మిగిలింది. అత్తమ్మకి దాని మీద సారా కుండల మీదున్నంత కసి. ఒక పొద్దున నేను వంటింటి వెనక్కి వెళ్ళేసరికి, నీళ్ళు కాగే పొయ్యి ముందు నిలబడి, డబ్బాని మంటలోకి విసరబోతోంది.

"అత్తా! వద్దు!"

నేను అరిచిన అరుపుకి ఆమె ఆగింది. చెయ్యి గాల్లోనే ఆగింది. వాకిట్లో మామయ్య ఆగాడు, చీపురుతో సహా. కోడి కూడా ఆగినట్టే గుర్తు. మొట్టమొదటిసారి ఆ ఇంట్లో నా అరుపుకి విలువ వచ్చింది. ఖాళీ అయినా సరే డబ్బాని నిప్పులో వేస్తే బాంబు అవుతుందని, మేకు కొట్టకూడదని, ఎండలో పెట్టకూడదని, ఫోన్ చూడకుండా నోటితోనే చెప్పాను. ఆమె శ్రద్ధగా వింది. డబ్బాని మామయ్య గనిలో వర్క్‌షాపు చూసుకునే పాత స్నేహితుడికి ఇచ్చి వచ్చాడు. అక్కడ హీటర్లు లేని పెద్ద ఇంజన్లకు, ఇద్దరు మనుషులతో, ఆరుబయట, పద్ధతిగా వాడుకుంటారు. "అక్కడ పోస్తే తాగొచ్చా?" అంది అత్తమ్మ. "మర్యాదగ తాగుతయ్" అన్నాడు మామయ్య.

హారతి మాత్రం ఆగలేదు, ఆగడం ఆ ఇంట్లో కుదరదు. ఇంకా పెరిగింది. పండగలకే ఇచ్చేది రోజూ ఇవ్వడం మొదలుపెట్టింది, మానుతున్నవాళ్ళకు ఊతం కావాలట. అయితే బానెట్ మూసి, షెడ్డు బయట, గేటు దగ్గర నిలబడి. ఆమె హారతి పాట ఎత్తుకోగానే మామయ్య హీటర్ మీట నొక్కేవాడు. ఒక చరణం అయ్యేసరికి లోపల కడ్డీలు కాగేవి, ఆమె కర్పూరం కళ్ళకద్దుకోగానే తాళం తిప్పేవాడు. జీపు చిన్నగా దగ్గి, ఎవరినీ తిట్టకుండా లేచేది. నేను ఉన్నన్నాళ్ళూ రోలు మీంచి అది చూసేదాన్ని, సిగ్నల్ ఉన్నా ఫోన్ ఒళ్ళో పెట్టుకుని.

ఆ బొమ్మ తుడిచెయ్యలేదు. దాని బదులు ఇంకేవేవో తీసేసి, తిరుగు రైలెక్కి, అత్తమ్మకి ఫోన్ చేశాను. మామయ్య మీసం రెండువైపులా వచ్చి చాలా కాలమైంది, ఇప్పుడు రెండువైపులా తెల్లగా ఉందట. జీపు ఎట్లా ఉందన్నాను. మానేసింది మానేసినట్టే ఉంది గానీ ఈ మధ్య ఒక చరణానికి లేవడం లేదు, కొంచెం ఎక్కువ కాగాలంటోందట. "మరి ఇంకో చరణం పాడాలి కదత్తా?" అంటే నవ్వింది. "ఎందుకే, నా పాట గూడ నెమ్మదైంది గదా, సరిపోతాంది" అంది. ఆ చరణం ఎంతసేపు పడుతుందో నేనెప్పుడూ ఫోన్‌లో గడియారం పెట్టి చూడలేదు. ఏటేటా ఆమె గొంతు ఎంత నెమ్మదిస్తోందో ఇంజన్ లేవడానికి అంతే ఎక్కువసేపు పడుతోంది, ఒకదాని ముసలితనం ఇంకోదానికి తెలియకుండా.